కేకవేయని కన్నులు



యెరికో త్రోవప్రక్కన కూర్చున్న బర్తిమయిని మీరెరుగుదురు. తాను గ్రుడ్డివాడనని అతనికి తెలుసు. అందుకే కేకలు వేశాడు. జనులు గద్దించినా మానలేదు. ప్రభువు నిలిచి అతణ్ణి పిలిపించాడు. అయితే కేకవేయడం తెలియని గ్రుడ్డితనం ఒకటి ఉంది. అది చిన్నపిల్లలది. పుట్టినది మొదలు మసకగా చూచే బిడ్డ, లోకం అందరికీ అలాగే కనబడుతుందనుకుంటుంది. ఎన్నడూ స్పష్టంగా చూడని బిడ్డ ఏమి పోయిందని ఏడుస్తుంది? అటువంటి బిడ్డలను వెదకుతూ మన తెలుగు నేలమీద తిరిగినవారి చరిత్రను ఈ దినం మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం మా మరిపెడ ప్రాంతంలోని ఒక తండా నుండి తొమ్మిదేళ్ళ పాప సండేస్కూలుకు వచ్చేది. పాట ఒక్కసారి వింటే చాలు, నేర్చుకునేది. బోర్డుమీద వ్రాసిన వాక్యం చదవమంటే మాత్రం తల వంచుకునేది. ఇది సోమరితనమని తలంచి నేను గద్దించాను, వెనుక వరుసలో నిలబెట్టాను. ఆ తరువాత బడిలో జరిగిన కంటి పరీక్షలో తెలిసింది, ఆ పాపకు రెండు కళ్ళకూ దూరపు చూపు లేదని. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. “బోర్డు ముందు కూర్చున్నోళ్ళకే గదా అయ్యగారూ” అంది. ఆ మాట నేటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. చూడలేని బిడ్డను బోర్డుకు ఇంకా దూరంగా నిలబెట్టినవాణ్ణి నేనే.

ఇక చరిత్రకు వద్దాం. ఒక తరం క్రితం మన పల్లెల్లో పిల్లల చూపును హరించిన ప్రధాన శత్రువులలో ఒకటి విటమిన్ ఏ లోపం. మన పెద్దలు దాని మొదటి గుర్తును రేచీకటి అన్నారు. పొద్దుగూకగానే పిల్లవాడు తడుముకుంటాడు. తరువాత తెల్లగుడ్డుమీద నురుగులాంటి మచ్చ వస్తుంది. చివరకు నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. తట్టు పోసిన బిడ్డకు, విరేచనాలతో చిక్కిపోయిన బిడ్డకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమైన సంస్థ ఒకటి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వంలో అక్కడి పరిశోధకులు ఒక చిన్న సత్యాన్ని ఆధారం చేసుకున్నారు. విటమిన్ ఏ మన కాలేయంలో నిలువ ఉంటుంది. కాబట్టి దినదినం మందు మ్రింగించనక్కరలేదు, ఒక్కసారి పెద్ద మోతాదు ఇస్తే నెలల తరబడి కాపాడుతుంది. వారు ఆ సంగతిని పిల్లలలో పరీక్షించి చూపించారు. దాని ఫలితంగా 1970లో భారతదేశం చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఏ ఇచ్చే కార్యక్రమాన్ని ప్రారంభించింది. నర్సమ్మ చెంచాతో పిల్లల నోట పోసే ఆ ద్రవం వెనుక ఈ చరిత్ర ఉంది. తట్టు టీకా కూడా తోడై, ఆ విధంగా కళ్ళు కరిగిపోయే బిడ్డ నేడు అరుదుగా కనబడుతుంది. దేవునికి స్తోత్రం.

అయితే మరొక శత్రువు మిగిలింది. అది కంటిని కరిగించదు, ఎర్రబరచదు, నొప్పి పెట్టదు. అందుకే ఎవరికీ కనబడలేదు. దాన్ని కనిపెట్టడానికి ఇల్లిల్లూ తిరగవలసి వచ్చింది.

1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. పట్టణంలో ఆసుపత్రి ఉంటే చాలదని త్వరలోనే గ్రహించి, 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో మొదటి గ్రామీణ కేంద్రాన్ని తెరిచారు. ఆ సంవత్సరం నుండి 2000 వరకు ఆ సంస్థ పరిశోధకులు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అన్ని వయసులవారిని, మొత్తం 10,293 మందిని పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం అంటే అదే.

పిల్లల కొరకు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ప్రత్యేకంగా మరొక అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2002లో వెలువడ్డాయి. 7 నుండి 15 ఏళ్ళలోపు పిల్లలు 4,074 మందిని పరీక్షించారు. దయచేసి ఈ మూడు అంకెలు గమనించండి. కళ్ళజోడు లేకుండా చూస్తే, మెరుగైన కంటితో కూడా చూపు తక్కువగా ఉన్నవారు నూటికి 2.7 మంది. ఇతరులు పన్నెండు మీటర్ల నుండి చదివేదాన్ని ఆరు మీటర్ల దగ్గరకు వస్తేగాని చదవలేనివారన్నమాట. పరీక్షకు వచ్చిన రోజు ఎలా ఉన్నారో అలాగే చూస్తే 2.6 మంది. సరైన అద్దాలు పెట్టి చూస్తే 0.78 మంది.

మొదటి రెండు అంకెలకు ఎంత తేడా ఉందో చూశారా? దాదాపు లేదు. అంటే కళ్ళజోడు అవసరమైన పిల్లలలో దానిని పెట్టుకున్నవారు లేనట్టే. రెండవ, మూడవ అంకెల మధ్య తేడా చూడండి. పదిమందిలో ఏడుగురికి కావలసినది ఆపరేషన్ కాదు, రెండు గాజు ముక్కలు. ఆరు అంధుల పాఠశాలల్లో 291 మంది విద్యార్థులను పరీక్షించిన మరొక అధ్యయనం 2000లో వెలువడింది. అక్కడ కూడా కొందరికి అద్దాలతో, భూతద్దం వంటి పరికరాలతో చూపు మెరుగైంది. అంధుల బడిలో కూర్చున్న బిడ్డకు కళ్ళజోడు అక్కరకు వచ్చిందంటే, అంతకుముందు ఎవరూ సరిగా చూడలేదనే గదా!

నూటికి ఇద్దరు ముగ్గురే గదా అని మీరనవచ్చు. తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకబోయిన కాపరి సేవకులం మనం. మనకు ఆ లెక్క చెల్లదు.

ఇక్కడ ఆలస్యం చేయరాని కారణం ఒకటి ఉంది. చూచేది కన్ను ఒక్కటే కాదు, మెదడు కూడా. పసితనంలో కంటినుండి స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడు ఆ కంటితో చూడడం నేర్చుకోదు. పిల్లికూనల కన్ను మూసి ఉంచి ఈ సంగతి రుజువు చేసిన హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1981లో నోబెల్ బహుమానం పొందారు. వాడుకలో దీన్ని లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళలోపు అద్దాలు ఇచ్చి, బాగున్న కన్ను కొంతసేపు మూయిస్తే మందగించిన కన్ను చాలావరకు కోలుకుంటుంది. వయసు మీరేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. మన ఊళ్ళలో మెల్లకన్ను అదృష్టమని మురిసిపోతారు. ఆ మురిపెంలోనే విలువైన సంవత్సరాలు గడిచిపోతాయి.

ప్రభుత్వాలు కూడా ఇంటి ముంగిటికి వచ్చాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటి వెలుగు మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కార్యక్రమంలో ముందుగా బడిపిల్లలను, దాదాపు 66 లక్షల మందిని పరీక్షించారు. మంచిదే. కాని పిల్లలు పెరిగేకొద్దీ పవర్ మారుతుంది, ప్రతి ఏటా చూడాలి. పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకొని బిడ్డను వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళడం తల్లికి సులభం కాదు. ఇచ్చిన జోడు పెట్టెలో దాచేవారూ ఉన్నారు. నేను చెప్పిన పాప నాయనమ్మ కూడా, “అద్దాల పిల్లను ఎవరు చేసుకుంటరు?” అని దాచిపెట్టింది. నేను మూడుసార్లు ఆ ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. మూడవసారి ఆ పాప తన పాఠం చదివి వినిపించింది. ఆ ముసలమ్మే లేచి జోడు తుడిచి పెట్టింది.

సహోదరీ సహోదరులారా, మీ సంఘంలో సండేస్కూలు పిల్లలను ఒక్కొక్క కన్ను మూయించి దూరపు అక్షరాలు చదివించండి. తల వంచి చూచేవాణ్ణి, కళ్ళు చికిలించేదాన్ని, పుస్తకం ముక్కుకు ఆనించుకునేవాణ్ణి గమనించండి. కనుపాపలో తెల్లని మెరుపు కనబడితే ఒక్క దినం కూడా ఆగవద్దు. ఆకు పసరు, చనుబాలు కంటిలో పోయవద్దు. డాక్టరు యొద్దకు వెళ్ళే తల్లికి ఆ దినపు కూలి సంఘం ఇవ్వగలదు, తోడుగా ఒకరు వెళ్ళగలరు.

బర్తిమయి కేక ప్రభువు విన్నాడు. ఈ పిల్లలు కేక వేయరు. వారి యొద్దకు మనమే వెళ్ళాలి. అట్టి కనికరంగల హృదయం దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.