ప్రత్తిచేనినుండి అమెరికా చరిత్ర

కారియాపట్టి చుట్టుపట్ల స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు బడిలో తమిళమున చదువుకొనుచు, ఇంట తెలుగున మాటలాడుచున్నారు. అమెరికా చరిత్ర వారికి తేదీల పట్టికగనే తోచును. 1492లో కొలంబసు, 1776లో స్వాతంత్ర్యము, 1861లో యుద్ధము అని వల్లించినది పరీక్షతోనే మరపున పడును. ఎరిగినదానినుండి ఎరుగనిదానికి నడిపించుట బోధనకు తొలిమెట్టు. ఈ నల్లరేగడి బిడ్డలు ఎరిగినది ప్రత్తి. కావున ఆ కథను ప్రత్తిచేనినుండియే ప్రారంభింపవలెనని మేము తలచుచున్నాము.

ప్రత్తినుండి గింజను చేతితో తీయుట ఎంత శ్రమయో పిల్లలచేతనే చేయించి చూపవచ్చును. 1793లో ఈలై విట్నీ అను అమెరికా దేశస్థుడు గింజ తీయు యంత్రమును నిర్మించెను. యంత్రము వచ్చినది గదా, కూలివాని కష్టము తగ్గినదా అని పిల్లలను అడుగవలెను. తగ్గలేదు. లాభము పెరిగినకొలది దక్షిణ రాష్ట్రములలో ప్రత్తిచేలు విస్తరించెను. వానితోపాటు బానిసత్వమును విస్తరించెను. 1790లో సుమారు 7 లక్షలుగా నున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలైరి.

1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము మొదలయ్యెను. ఉత్తరమువారు దక్షిణపు రేవులను దిగ్బంధించిరి. అమెరికా ప్రత్తి అందక లాంకషైరు మిల్లులు అనేకము మూతపడెను. ఇంగ్లండు వర్తకులు భారతదేశపు ప్రత్తికై ఎగబడిరి. తిరునెల్వేలి ప్రత్తి యని పేరొందిన ఈ ప్రాంతపు పంట తూత్తుకుడి రేవున ఓడలెక్కెను; ధరలు పెరిగెను. 1865లో యుద్ధము ముగియగా ధరలు పడిపోయెను. ఆ యేడే 13వ రాజ్యాంగ సవరణము బానిసత్వమును నిషేధించెను. ఎక్కడనో మ్రోగిన ఫిరంగి మన సంతలో ధరను మార్చినదని తెలిసిన పిల్లవాడు ఆ యుద్ధమును మరువడు.

వలసకథయు మనకు క్రొత్త కాదు. తెలుగువారు ఈ కరిసల్ నేలకు వచ్చి ఊరు కట్టుకొన్న వృత్తాంతమును కి. రాజనారాయణన్ ‘గోపల్లగ్రామము’ అను తమిళ నవలలో 1976లో చెప్పియున్నారు. 1620లో మేఫ్లవర్ ఓడ దిగినవారి కథను దాని ప్రక్కన నుంచి చెప్పవచ్చును. అయితే వారు దిగిన నేలపై అదివరకే జాతులు నివసించుచుండెనని, కాలక్రమమున ఆ జాతులవారు తమ భూములను కోల్పోయిరని దాచక చెప్పవలెను. గెలిచినవారి కథ మాత్రమే చరిత్ర కాదు.

ఈ కథలు ఇంట తెలుగుననే సాగవలెను. వంటింటికిని, వరుసల పిలుపులకును మాత్రమే మిగిలిన భాష తరముతరమునకు కుంచించుకొనిపోవును. స్వేచ్ఛ, న్యాయము, రాజ్యాంగము అను మాటలను పిల్లలు తల్లిదండ్రుల నోట విన్ననాడే తెలుగు వారికి ఆలోచించు భాషగ నిలుచును. రాత్రి భోజనమైన పిమ్మట అరగంట చాలును. ప్రక్కన ఒక ప్రపంచపటము, చేతిలో ఒక ప్రత్తికాయ ఉన్న మరియు మంచిది.