కొట్టేసిన గీతని ఎవరు చదవాలి?

సాహిత్యంలో పరిశోధన చేసినవాళ్ళకి ఒక అలవాటు అంటుకుంటుంది. రాతప్రతి చేతికొస్తే ముందు చూపు కొట్టివేతల మీదికే పోతుంది. రచయిత్రి ఏం రాసిందన్నది ఒకెత్తు, రాసి ఏం కొట్టేసిందన్నది ఇంకొకెత్తు. ఆ గీత కోపంతో పడిందా, చేయి జారి పడిందా, లేక ఆ మాటని ఎత్తిచూపడానికే పడిందా అని రోజులకి రోజులు తర్కించుకుంటాం. మన తర్కం వల్ల ఎవరి పదవీ పోదు, ఏ చట్టమూ ఆగదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2017లో ఒక బ్యాలెట్ పత్రం మీద గీసిన ఒకే ఒక్క గీత ఈ రెండింటినీ తాకింది. అందుకే దాని గురించి రాయాలనిపించింది.

2017 నవంబరు 7న వర్జీనియా దిగువసభ ఎన్నికలు జరిగాయి. సభలో 100 స్థానాలు. అంతకు ముందు రిపబ్లికన్లు 66 మంది, డెమొక్రాట్లు 34 మంది. ట్రంప్ అధ్యక్షుడిగా ఎన్నికై దాదాపు ఏడాది గడిచింది, మహిళల ఊరేగింపుల వేడి ఇంకా చల్లారలేదు. ఎన్నడూ పోటీ చేయని ఆడవాళ్ళు ఆ ఏడు పెద్ద సంఖ్యలో నిలబడ్డారు, గెలిచారు కూడా. సభలో స్త్రీల సంఖ్య 17 నుంచి 28కి పెరిగింది. ట్రాన్స్ మహిళ డానికా రోయెమ్, వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన కుటుంబంలోని క్యాథీ ట్రాన్ ఆ గెలిచినవాళ్ళలో ఉన్నారు. లెక్కలన్నీ తేలాక రిపబ్లికన్లకి 51, డెమొక్రాట్లకి 49 వచ్చేలా ఉంది. అంటే ఇంకొక్క స్థానం అటు మారితే సభ సరిగ్గా సగానికి చీలుతుంది. స్పీకరు ఎవరు, ఏ కమిటీ ఎవరి చేతిలో ఉండాలి అన్నవన్నీ పంచుకుని తేల్చుకోవలసిందే.

ఆ ఒక్క స్థానం న్యూపోర్ట్ న్యూస్ నగరంలోని 94వ నియోజకవర్గం. స్కూల్ బోర్డు సభ్యురాలు షెల్లీ సైమండ్స్ డెమొక్రాట్ల అభ్యర్థి. రిపబ్లికన్ల తరఫున అప్పటి సభ్యుడు డేవిడ్ యాన్సీ. మొదటి లెక్కలో యాన్సీకి పది ఓట్ల ఆధిక్యం వచ్చింది. (మన అనకాపల్లిలో 1989 లోక్‌సభ ఎన్నికలో కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్లతో గెలిచారు. ఆ తొమ్మిదిని వింతగా చెప్పుకునే మనకి ఈ పది అంత కొత్తేం కాదు.) డిసెంబరు 19న రీకౌంటింగ్ జరిగింది. ఓట్లు అటూ ఇటూ మారి సైమండ్స్‌కి 11,608, యాన్సీకి 11,607 వచ్చాయి. ఒక్క ఓటుతో ఆమె గెలిచింది. ఆ రాత్రి అభినందనలు కూడా అందుకుంది.

మర్నాటికి ఆ గెలుపు లేదు.

లెక్కింపులో కూర్చున్న రిపబ్లికన్ తరఫు అధికారి ఒకరు కోర్టుకి ఉత్తరం రాశాడు. ఒక బ్యాలెట్‌ని చెల్లదని పక్కన పెట్టాం, అది యాన్సీకి పడవలసిన ఓటు అన్నాడు. ఆ బ్యాలెట్ ఎలా ఉందో కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. ఒకప్పటి మన ఎంసెట్ ఓఎంఆర్ షీట్ లాంటిదే, బబుల్ దిద్దాలి. ఆ ఓటరు సైమండ్స్ బబుల్ దిద్దింది, యాన్సీ బబులూ దిద్దింది. సైమండ్స్ బబుల్ మీద అడ్డంగా ఒక గీత ఉంది. మిగిలిన పదవులకి రిపబ్లికన్లకే వేసింది. ఇక్కడిదాకా చూస్తే అర్థం స్పష్టమే అనిపిస్తుంది. కానీ అదే పత్రంలో గవర్నరు పదవి దగ్గర రిపబ్లికన్ అభ్యర్థి ఎడ్ గిలెస్పీ బబుల్ దిద్ది ఉంది, దాని మీదా కొట్టివేత గుర్తు ఉంది. అక్కడ వేరే ఎవరికీ ఓటు వేయలేదు. మరి అక్కడ ఆ గుర్తుకి అర్థం ‘వద్దు’ అనా, ‘ఇదే’ అనా? (ఆ ఓటరు ఆడో మగో ఎవరికీ తెలియదు, రహస్య ఓటు కదా. తెలుగులో క్రియ రాయాలంటే ఏదో ఒక లింగం ఎంచుకోక తప్పదు. ‘దిద్దింది’ అని రాశాను, ఎప్పుడూ ‘దిద్దాడు’ అనే ఎందుకు రాయాలి?)

డిసెంబరు 20న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ పత్రాన్ని చదివి అది యాన్సీ ఓటే అని తేల్చింది. 11,608, 11,608. సమానం.

పాఠకురాలిగా నా అభిప్రాయం అడిగితే, నేను కూడా ఆ పత్రాన్ని అలాగే చదివేదాన్ని. రెండు దిద్ది ఒకటి కొట్టేస్తే మిగిలిందే ఉద్దేశం. గిలెస్పీ దగ్గరి గుర్తు నన్ను కాసేపు ఆపుతుంది గానీ మొత్తం పత్రం మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. నా పేచీ చదివిన తీరుతో కాదు, చదివిన సమయంతో. రెండు పార్టీల తరఫు అధికారులు కలిసి కూర్చుని పత్రాలన్నీ చూసి, ఒప్పుకుని, లెక్క ముగించి లేచారు. ఫలితం తెలిశాక, ఎన్ని ఓట్లు కావాలో తెలిశాక, ఒకే ఒక్క పత్రాన్ని వెనక్కి పిలిచి మళ్ళీ చదవడం వేరు. పక్కన పెట్టిన ప్రతి పత్రాన్నీ అంతే శ్రద్ధగా మళ్ళీ చదివి ఉంటే ఒప్పుకునేదాన్ని. సైమండ్స్ లాయర్ల వాదన కూడా దాదాపు ఇదే, సమయం దాటిపోయిందని. ధర్మాసనం వినలేదు.

ఇక్కడ ఫ్లోరిడా గుర్తు రాకుండా ఉండదు. 2000లో అధ్యక్ష ఎన్నికంతా ఆ రాష్ట్రంలో చిక్కుకుని, చివరికి 537 ఓట్ల తేడాతో బుష్ గెలిచాడు. అప్పుడు డెమొక్రాట్లు ఏమన్నారు? యంత్రం చదవలేని పత్రాన్ని మనిషి చదవాలి, ఓటరు ఉద్దేశమే ముఖ్యం అన్నారు. రిపబ్లికన్లు ఏమన్నారు? గడువు గడువే, గీతల్లో చిల్లుల్లో ఉద్దేశాలు వెతకొద్దు అన్నారు. పదిహేడేళ్ళ తర్వాత వర్జీనియాలో ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. ఎవరి గొంతులోనూ తడబాటు లేదు! విమర్శలో మనం చూసేదే ఇది. రచయిత ఉద్దేశం మనకి అనుకూలిస్తే అది పవిత్రం, అనుకూలించకపోతే ‘పాఠం ఏం చెప్తోందో చూడండి’ అంటాం. ఫ్లోరిడా తగాదాలో అధికారం చేతిలో ఉన్న స్త్రీ క్యాథరీన్ హారిస్, రాష్ట్ర కార్యదర్శి. ఆమె నిర్ణయాలు పక్షపాతమని విమర్శించడానికి కావలసినన్ని కారణాలున్నాయి, ఆమె బుష్ ప్రచారంలో రాష్ట్ర సహ అధ్యక్షురాలు కూడా. అవన్నీ వదిలేసి పత్రికలు ఆమె మేకప్ గురించి రాశాయి. నాకు ఆమె రాజకీయాలతో ఏ పొత్తూ లేదు. అయినా ఆ వెటకారం చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ వర్జీనియాకి వద్దాం. ఓట్లు సమానమైతే చీటీ తీయాలని అక్కడి చట్టం. మన ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 65వ సెక్షనూ అదే చెప్తుంది. మన పంచాయతీల్లో చీటీలతో సర్పంచులు తేలడం చూస్తూనే ఉన్నాం. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో రెండు చీటీలు రాసి, ఒక్కోటీ ఒక్కో ఫిల్మ్ డబ్బీలో పెట్టి, పింగాణీ గిన్నెలో వేశారు. రాష్ట్ర ఎన్నికల బోర్డు అధ్యక్షుడు జేమ్స్ ఆల్కార్న్ ఒకటి తీసి చదివాడు. యాన్సీ. ఆయన అక్కడికి రాలేదు. సైమండ్స్ ఎదురుగా కూర్చుని ఉంది. 51–49 అలాగే నిలిచింది, స్పీకరు పదవీ కమిటీలూ రిపబ్లికన్ల చేతిలోనే ఉండిపోయాయి.

కమిటీలంటే ఏదో కార్యాలయ వ్యవహారంలా వినిపిస్తుంది. కానీ స్త్రీల హక్కులు చచ్చేది తరచుగా అక్కడే. సభలో లేచి ‘వద్దు’ అనాల్సిన పని కూడా ఎవరికీ ఉండదు. చట్టం ముందు స్త్రీ పురుషులు సమానమని రాజ్యాంగంలో చేర్చే సవరణని 1923లో ఆలిస్ పాల్ ప్రతిపాదించింది. కాంగ్రెస్ ఆమోదించేసరికి 1972. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. గడువు పొడిగించినా 1982 నాటికి 35 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత 2017లో నెవాడా, 2018లో ఇల్లినాయ్ ఒప్పుకున్నాయి. ఇంకొక్కటి కావాలి. 2019లో వర్జీనియా సెనేట్ సరేనంది. దిగువసభలో అది ఉపసంఘం దాటలేదు. దాన్ని నేరుగా సభ ముందుకు తేవడానికి నియమాలు మార్చాలని ఫిబ్రవరిలో ఓటింగ్ పెడితే 50–50 వచ్చింది. సమానమంటే వీగిపోయినట్టే. ఈసారి చీటీ కూడా లేదు.

ఆ రోజు సవరణ వైపు ఓటేసిన ఒకే ఒక్క రిపబ్లికన్ ఎవరో తెలుసా? డేవిడ్ యాన్సీ. చీటీలో గెలిచిన మనిషి. కాబట్టి సైమండ్స్ ఆ కుర్చీలో ఉంటే ఆ రోజు లెక్క మారేది కాదు. కానీ సభ సగానికి చీలి ఉంటే, కమిటీలు పంచుకుని ఉంటే, ఆ విషయం ఆ నియమాల తగాదా దాకా వచ్చేదా అన్నది వేరే ప్రశ్న.

న్యూపోర్ట్ న్యూస్ ప్రాంతపు గీతలు అక్కడితో ఆగలేదు. గోల్డెన్ బెథ్యూన్-హిల్ అనే నల్లజాతి స్త్రీ పేరుతో నడిచిన కేసులో, 11 నియోజకవర్గాల సరిహద్దులు జాతి ప్రాతిపదికన గీశారని 2018లో ఫెడరల్ కోర్టు తేల్చింది. కొత్త సరిహద్దులతో 2019లో జరిగిన ఎన్నికలో సైమండ్స్ యాన్సీని ఓడించింది. రెండు సభలూ డెమొక్రాట్ల చేతికొచ్చాయి. దిగువసభకి తొలి మహిళా స్పీకరుగా ఐలీన్ ఫిల్లర్-కార్న్ వచ్చింది. 2020 జనవరి 15న సవరణ దిగువసభలో 59–41, సెనేట్‌లో 28–12తో నెగ్గింది. సెనేట్‌లో అనుకూలంగా ఓటేసినవాళ్ళలో గజాలా హష్మీ ఉంది. హైదరాబాదులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్ళి, సాహిత్యంలో డాక్టరేట్ చేసి, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. 2025 నవంబరు ఎన్నికలో ఆమె లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచింది. వర్జీనియా సెనేట్‌కి అధ్యక్షత వహించేదీ, ఓట్లు సమానమైతే తేల్చేదీ ఆ పదవిలో ఉన్నవాళ్ళే.

38 పూర్తయ్యాయి కాబట్టి పని అయిపోయిందనుకుంటే పొరపాటు. గడువు దాటాక వచ్చిన ఒప్పుదలని లెక్కలోకి తీసుకోవాలా అని ఒక తగాదా. రెండోది ఇంకా చిత్రమైనది. నెబ్రాస్కా, టెనెసీ, ఐడహో, కెంటకీ, సౌత్ డకోటా, ఈ ఐదు రాష్ట్రాలూ 1970లలో ముందు ఔనన్నాయి, తర్వాత అదే దశాబ్దంలో ఆ ఔనుని కొట్టేశాయి. కెంటకీలో 1978లో గవర్నరు ఊళ్ళో లేని రోజు చూసి, ఆయన స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ గవర్నరు థెల్మా స్టోవాల్ ఆ కొట్టివేతనే వీటో చేసింది. 2024 డిసెంబరులో జాతీయ ఆర్కైవిస్టు ఈ సవరణని ధ్రువీకరించలేనంది. 2025 జనవరిలో దిగిపోతూ బైడెన్ ఇది రాజ్యాంగంలో భాగమేనని ప్రకటించాడు. అయినా అధికారిక ముద్రణలోకి అది ఎక్కలేదు. ఔనని రాసి తర్వాత గీత కొట్టిన ఆ ఐదు పత్రాలనీ ఏ ధర్మాసనం, ఏ నియమంతో చదువుతుందో?