కాలువపడవ కడుపులో

సికింద్రాబాదునకు ఈశాన్యముగా వెలసిన ఏ.ఎస్. రావు నగరు వీథులలో నేడు పడవ ప్రసంగము వచ్చుటకు కారణమేమియు కనబడదు. అయినను ఆ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావుగారు, ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు 1967లో ప్రాణము పోసిన ఆ విజ్ఞానవేత్త, 1914లో జన్మించినది గోదావరి పడమటి డెల్టాలోని మోగల్లు గ్రామమున. ఆ కాలమున డెల్టా ధాన్యము పడవలకెక్కి కాలువలవెంట రేవులకు చేరుచుండెను.

1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట, కాటన్ దొర సంకల్పించిన కాలువలు పైరునకు నీరిచ్చుటతో తృప్తిపడక రాకపోకలకును మార్గములైనవి. గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగగా, గాలి కలిసివచ్చినపుడు తెరచాప ఎత్తగా, ధాన్యమును ఉప్పును మోసికొని పోయిన ఆ పడవల సరకులకు లెక్కలున్నవి. సరకు దిగిన తరువాత అడుగున మిగిలినదానికి లెక్క వ్రాసినవారు అరుదు. పడవవాని నేర్పు తెలియునది, నా మట్టునకు, అక్కడనే.

కొయ్యపడవ ఎంత బిగువుగా కట్టినను పలకల సందులనుండి కొంత నీరు ఊరకమానదు. ఆ నీరు లోపలి అడ్డుకొయ్యల క్రిందనుండి జారి పల్లపుచోట చేరినచో తోడిపోయవచ్చును. కాని బస్తాలనుండి రాలిన గింజయు, ఊకయు, గడ్డిపరకయు ఆ దారికి అడ్డుపడెనా, నీరు నిలిచి, గింజ మొలకెత్తి, కుళ్లి, ఆ దుర్గంధముతోపాటు పలకకును చీకుపట్టును. కావున వెదురుతడిక లేవదీసి, మూలమూలకు చేయి దూర్చి ఆ బురదను గోకివేయుట తెడ్డు వేయుటకంటె తక్కువ పని కాదు; ఎవరును మెచ్చుకొనని పని మాత్రము నిశ్చయముగా అగును.

తిండి యున్నచోటికి ఎలుక రాకుండునా? రేవున కట్టిన త్రాడే దానికి వంతెన. బస్తా కొరుకుట ఒక నష్టమైనచో, ఆ త్రాడునే కొరుకుట అంతకంటె పెద్ద ప్రమాదము. ముక్కుపురుగులు, బొద్దింకలు దాని వెనుక పరివారము. ఈ బాధ మనకే ప్రత్యేకము కాదు: 19వ శతాబ్దమున నైలునదిపై విహరింపబోవు ఆంగ్ల యాత్రికులు, బాడుగపడవను ముందుగా నీట ముంచించి, ఎలుకలును పురుగులును వదలినపిమ్మటనే ఎక్కుచుండిరి. వినుటకు విపరీతముగా తోచినను, దాగుటకు పొడిచోటు మిగుల్పని ఆ ఉపాయములో తెలివి లేకపోలేదు.

సముద్రపు పడవలకు మరియొక శత్రువు కలదు: కొయ్యను తొలిచి అందులోనే కాపురముండు ఓడపురుగు. పేరునకు పురుగేగాని, అది నిజమునకు నత్తగుల్లల జాతిది. ఉప్పునీటి ప్రాణి యగుటచే మంచినీట చిరకాలము బ్రతుకజాలదు. గోదావరి ముఖద్వారమున కోరంగి రేవు 1839 నాటి తుపానుకు దెబ్బతినకముందు నౌకల మరమ్మతులకు ప్రసిద్ధి కెక్కినది. కోరమండల తీరమున సున్నమును నూనెయు కలిపి అడుగున పూయు ఆచారము ఈ పురుగుకు వెరచి పుట్టినదే.

1900లో గోదావరిపై రైలువంతెన వచ్చుట, పిదప లారీలు వచ్చుట కాలువపడవను క్రమముగా గట్టునకు చేర్చినవి. నేడు మన తీరమున జాలరులు వాడు ఫైబరు పడవలను ఓడపురుగు ముట్టదు. ఐనను వలలనుండి రాలిన చేపపొలుసును, అడుగున నిలిచిన మురికినీటిని వేట ముగిసిన వెంటనే కడుగకున్నచో, మరునాటికి ఈగలు ముసరును.