క్వాంటమ్ కంప్యూటింగ్

క్వాంటమ్ కంప్యూటింగ్ అనగా పరమాణువులు, ఎలక్ట్రానులు, ఫోటానులు మొదలైన సూక్ష్మ వస్తువుల ప్రవర్తనను వివరించే క్వాంటమ్ యాంత్రికశాస్త్ర నియమాలను ఉపయోగించి గణన చేసే పద్ధతి. ఈ పద్ధతిలో పనిచేసే యంత్రాన్ని క్వాంటమ్ కంప్యూటరు అంటారు. ఇది భౌతికశాస్త్రం, గణితశాస్త్రం, కంప్యూటరు శాస్త్రం కలిసే చోట ఏర్పడిన శాఖ. గణన అంటే ఏమిటి అనే ప్రశ్న ద్వారా తత్వశాస్త్రంతోనూ దీనికి సంబంధం ఉంది.

చరిత్ర

1980లో పాల్ బెనియాఫ్ ట్యూరింగ్ యంత్రానికి క్వాంటమ్ నమూనాను ప్రతిపాదించాడు. ప్రకృతిని అనుకరించాలంటే క్వాంటమ్ నియమాలతోనే పనిచేసే కంప్యూటరు కావాలని 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రసంగంలో సూచించాడు. 1985లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ డాయిష్ సార్వత్రిక క్వాంటమ్ కంప్యూటరు భావనను నిర్వచించాడు. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడదీసే పద్ధతిని, 1996లో భారతదేశంలో జన్మించిన లవ్ గ్రోవర్ వేగంగా వెదికే పద్ధతిని కనుగొన్నారు. ఏ వరుసా లేని పది లక్షల అంశాలలో ఒకదానిని వెదకడానికి మామూలు కంప్యూటరుకు సగటున ఐదు లక్షల అడుగులు పడితే, గ్రోవర్ పద్ధతికి సుమారు ఎనిమిది వందలు చాలు.

భౌతికశాస్త్రంతో సంబంధం

మామూలు కంప్యూటరులో సమాచారానికి మూలకం బిట్. దాని విలువ 0 గాని 1 గాని అవుతుంది. క్వాంటమ్ కంప్యూటరులో మూలకం క్యూబిట్. ఇది 0, 1 స్థితుల మిశ్రమంగా ఉండగలదు. దీనిని అధ్యారోపణం అంటారు. కొలిచినప్పుడు మాత్రం 0 లేదా 1 మాత్రమే లభిస్తుంది. రెండు లేక అంతకంటే ఎక్కువ క్యూబిట్లు విడివిడిగా వర్ణించడానికి వీలులేని ఉమ్మడి స్థితిలో ఉంటే దానిని క్వాంటమ్ చిక్కుముడి అంటారు.

క్యూబిట్లను అతివాహక వలయాలతోను, విద్యుత్ క్షేత్రాలలో బంధించిన అయానులతోను, ఫోటానులతోను తయారు చేస్తున్నారు. పరిసరాల వేడి, విద్యుదయస్కాంత ప్రభావం సోకితే వీటి స్థితి చెదిరిపోతుంది. అందువలన అతివాహక క్యూబిట్లను పరమశూన్యానికి అతి దగ్గరి ఉష్ణోగ్రతలో ఉంచుతారు.

గణితశాస్త్రంతో సంబంధం

ఒక క్యూబిట్ స్థితిని రెండు సంకీర్ణ సంఖ్యలు గల సదిశగా వ్రాస్తారు. క్యూబిట్ల సంఖ్య ఒకటి పెరిగిన ప్రతిసారీ కావలసిన సంకీర్ణ సంఖ్యలు రెట్టింపవుతాయి. 10 క్యూబిట్లకు 1024 సంఖ్యలు కావాలి. 300 క్యూబిట్లకు కావలసిన సంఖ్యలు, కనిపించే విశ్వంలోని పరమాణువుల అంచనా కంటే ఎక్కువ.

అయితే క్వాంటమ్ కంప్యూటరు అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి సరైనదానిని చూపుతుందనే అభిప్రాయం సరి కాదు. కొలిచినప్పుడు ఒక్క ఫలితమే చేతికి వస్తుంది. తప్పు జవాబుల కంపన పరిమితులు ఒకదానినొకటి రద్దు చేసుకొని, సరైన జవాబుల సంభావ్యత పెరిగేటట్లు గణనను అమర్చడమే ఇందులోని నేర్పు. అలా అమర్చడానికి వీలైన సమస్యలు కొన్నే.

షోర్ పద్ధతికి ఒక చిన్న ఉదాహరణ: 15ను విడదీయవలెననుకుందాం. 7 యొక్క ఘాతాలను వరుసగా 15తో భాగిస్తే శేషాలు 7, 4, 13, 1 వచ్చి, మళ్ళీ అదే వరుస మొదలవుతుంది. అనగా ఆవర్తనం 4. అందులో సగం 2. 7 యొక్క వర్గం 49. దానికి అటూ ఇటూ ఉన్న 48, 50లకు 15తో గల గరిష్ఠ సామాన్య భాజకాలు 3, 5. ఇవే 15 కారణాంకాలు. పెద్ద సంఖ్యలకు ఈ ఆవర్తనాన్ని కనుగొనడమే కష్టం. క్వాంటమ్ కంప్యూటరు చేసేది ఆ ఒక్క పనే.

సమాచార భద్రత

1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి, పెద్ద సంఖ్యలను విడదీయడం కష్టమన్న నమ్మకంపై ఆధారపడినది. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటరు వస్తే ఇది నిలువదు. ఈనాడు దొంగిలించి దాచిన సమాచారాన్ని అప్పుడు విప్పే ప్రమాదమూ ఉంది. ఈ కారణంగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటమ్ దాడులను తట్టుకొనే ఉద్దేశంతో మూడు కొత్త ప్రమాణాలను ప్రకటించింది.

తత్వశాస్త్రంతో సంబంధం

క్వాంటమ్ కంప్యూటరు చేయగల ప్రతి గణననూ, ఎంత కాలం పట్టినా, మామూలు కంప్యూటరు కూడా చేయగలదు. కనుక గణించడానికి వీలైనవి ఏవి అన్న హద్దు మారదు. వేగంగా గణించడానికి వీలైనవి ఏవి అన్న హద్దు మారుతుందని ఎక్కువమంది నమ్మకం. అది నిజమైతే గణన అనేది కేవలం తర్కానికి సంబంధించినది కాదు, ప్రకృతి నియమాలపై ఆధారపడినదని ఒప్పుకోవలసి ఉంటుంది.

ఇంత గణన ఎక్కడ జరుగుతున్నది అన్నది మరొక ప్రశ్న. 1957లో హ్యూ ఎవరెట్ ప్రతిపాదించిన అనేక ప్రపంచాల వాదానికి ఇది బలమైన ఆధారమని డాయిష్ వాదించాడు. ఇతర వ్యాఖ్యానాలను అనుసరించేవారు దీనిని అంగీకరించరు. వ్యాఖ్యానం ఏదైనా యంత్రం ఇచ్చే ఫలితం ఒక్కటే కాబట్టి, ప్రయోగం ద్వారా ఈ వివాదం తేలలేదు.

ప్రస్తుత స్థితి

2001లో ఐబీఎం పరిశోధకులు 7 క్యూబిట్లతో 15ను విడదీశారు. 2019లో గూగుల్ తన 53 క్యూబిట్ల సికమోర్, మామూలు సూపర్ కంప్యూటరుకు 10,000 సంవత్సరాలు పట్టే పనిని 200 సెకనులలో చేసిందని ప్రకటించగా, అది రెండున్నర రోజుల పనేనని ఐబీఎం వాదించింది. 2024లో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో, క్యూబిట్లు పెంచేకొద్దీ దోషాలు తగ్గించవచ్చునని చూపింది. అయినా ఆర్‌ఎస్‌ఏను ఛేదించే యంత్రం ఇంకా రాలేదు.

భారత ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో సుమారు 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. 2025లో అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ టెక్ పార్కును నెలకొల్పే ప్రణాళికను ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ ప్రకటించాయి.

ఇవి కూడా చూడండి

క్వాంటమ్ యాంత్రికశాస్త్రం
ట్యూరింగ్ యంత్రం
ప్రధాన సంఖ్య
రిచర్డ్ ఫైన్‌మన్