అడవి పద్దు

అడవిని గురించి మన కవులు రాసినంతగా అడవి లెక్కను గురించి రాయలేదు. ఇప్పపూలు, వెన్నెల, డోలు కవిత్వంలోకి వచ్చాయి. తుడుం మోగడం, తిరుగుబాటు కూడా వచ్చాయి. కాని అడవిని ఎవరు కొలిచారు, ఏ కొలతతో కొలిచారు, కొలత మారినప్పుడల్లా గూడెం బతుకు ఎట్లా మారింది అన్న ప్రశ్న మన కథకుల దృష్టికి అంతగా ఆనలేదు. బడిలో మేం ఏటా పిల్లలచేత ‘అడవుల వల్ల ఉపయోగాలు’ అనే వ్యాసం రాయిస్తాం. కలప, కాగితం, మంచి గాలి, వర్షాలు అని వరస తప్పకుండా రాస్తారు. ఆ వరస పిల్లలు కల్పించింది కాదు. ఏటూరునాగారం అడవి చరిత్ర కూడా ఇంచుమించు అదే వరసలో నడిచింది.

మొదటిది కలప. నిజాం రాజ్యంలో 1326 ఫసలీ, అంటే 1916 నాటి అటవీ చట్టం, దాని తర్వాత 1355 ఫసలీ చట్టం అడవిని సర్కారు ఆస్తిగా, ఆదాయ వనరుగా స్థిరపరిచాయి. చెట్టు నరికి, కాల్చి, ఆ బూడిదలో గింజ చల్లి, నేల అలసిపోతే మరోచోటికి కదిలే పోడు సేద్యం రిజర్వు గీత లోపల నేరమైంది. జంగ్లాత్ వాళ్ళ దృష్టిలో టేకు చెట్టుకు విలువ ఉంది, దాని కింద బతికే కోయవాడికి లేదు. ఆదిలాబాదు కొండల్లో ఈ గీతే 1940లో కుమ్రం భీము మరణం దాకా పోయింది. ఆ తర్వాతగాని నిజాం ప్రభుత్వానికి హైమెండార్ఫ్‌ను పిలిచి ఆదివాసుల స్థితిగతులు అడిగి తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. 1952 జనవరి 30న ఏటూరునాగారం ప్రాంతాన్ని హైదరాబాదు ప్రభుత్వం వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ పోరాట చివరి ఘట్టంలో గోదావరి అడవులే దళాలకు ఆశ్రయమిచ్చాయనీ, అభయం పొందినవాటి జాబితాలో మనిషి లేడనీ చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవాలి.

రెండవది కాగితం. నిజానికి కాగితం కూడా కాదు, దాని దగ్గరి చుట్టమైన గుజ్జు. ఏటూరునాగారానికి దిగువన మంగపేట మండలం కమలాపురంలో ఏపీ రేయాన్స్ కర్మాగారం వెలసింది. అది తరువాత బల్లార్‌పూర్ సంస్థలో భాగమయింది. జామాయిల్ వంటి కర్ర లోపలికి పోయేది, రేయాన్ బట్టకు కావలసిన గుజ్జు బయటికి వచ్చేది. ఇక్కడ తయారైన గుజ్జు ఎక్కడో నూలుగా మారితే, దాన్ని పుట్టించిన ఊరికి మిగిలింది కూలి. 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ కూలీ పోయింది. జీతాల బకాయిలకోసం కార్మికులు ఏళ్ళతరబడి ఆందోళన చేశారు.

మూడవది గాలి. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన కాలపు పద్దు ఇదే. చెట్టు గాలిలోని కార్బన్‌ను పీల్చి కాండంలో దాచుకుంటుంది. ఆ దాచుకున్నదాన్ని టన్నుల్లో లెక్కకట్టి, పొగ వదిలేవాడికి అమ్మవచ్చునని ప్రపంచ విపణి కనిపెట్టింది. 2003లో ఆదిలాబాదు జిల్లా జైనూరు మండలం పవర్‌గూడలో ఈ బేరం కళ్ళెదుట జరిగింది. ఆదివాసీ మహిళల సంఘం కానుగ చెట్లు పెంచింది, గింజల నుంచి నూనె తీసింది. డీజిలుకు బదులు ఆ నూనె వాడితే 147 టన్నుల మేర పొగ తగ్గుతుందని లెక్కకట్టి ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు వల్ల పుట్టిన పొగకు అది పరిహారం. అప్పటి మారకంలో ముప్పైవేల రూపాయలకు కాస్త తక్కువ.

ఆ స్త్రీల శ్రమను నేను తేలిక చేయను. భీముడి కొండల్లోనే, అరవై ఏళ్ళ తర్వాత, ఆదివాసీ స్త్రీలు తమ పేరుమీద ఒక పద్దు తెరిచారంటే చిన్న విషయం కాదు. కాని టన్నుకు నాలుగున్నర డాలర్లయినా పడని ఆ ధర ఎవరు కట్టారు? విమానాల్లో వచ్చిన సదస్యుల పొగకు గూడెంలో నూనె గానుగ జవాబు చెప్పుకోవలసిరావడంలో ఉన్న వ్యంగ్యం ఏ కథకుడి కలానికీ తీసిపోదు.

ఆ తర్వాత లెక్కలు పెరిగాయి. 2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును ఇముడ్చుకుంటామని 2015లో భారతదేశం ప్రపంచానికి మాటిచ్చింది. అదే ఏడు తెలంగాణలో హరితహారం మొదలయింది. మొక్కలు నాటడానికి నేల కావాలి. అనేకచోట్ల ఆ నేల పోడు నేలే అయింది. కందకాలు తవ్వే యంత్రాలకు అడ్డంగా కోయ స్త్రీలు నిలబడ్డారు. ఈ అడవికి పడమరన చెల్పూరులో బొగ్గుతో నడిచే కాకతీయ విద్యుత్కేంద్రం సామర్థ్యం 1100 మెగావాట్లు. దాని పొగగొట్టాన్ని అభివృద్ధి పద్దులో రాసి, ఏడాదికోసారి లేచే పోడు పొగను నేరం పద్దులో రాయడం ఏ శాస్త్రం? పోడు వల్ల అడవికి నష్టమే లేదని వాదించను. తిరిగే నేల తరిగి, పోడు ఒకేచోట నిలిచిపోయాక ఆ నష్టం పెరిగింది. ఆ నేల ఎందుకు తరిగిందో పైన చెప్పాను.

ఇక వర్షం. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయి ఊరిని ముంచింది. ఎనిమిదిమంది చనిపోయారు. కప్పం కట్టమని కాకతీయులతో పోరాడి సంపెంగవాగులో దూకిన జంపన్న పేరే ఆ వాగుకు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. ఒక్కొక్క విపత్తునూ వేడెక్కిన భూగోళానికి కట్టిపెట్టడం తొందరపాటే. కాని ఇటువంటివి పెరుగుతాయని శాస్త్రజ్ఞులు ముందే చెప్పారు. ఈ పొగలో కొండాయి వాటా ఎంత?

అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు ఊరి సమష్టిదని 2006 అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షన్ చెబుతుంది. అంటే పద్దు గ్రామసభ చేతికి రావాలి. 2023లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. ఎన్నో పోరాటాల ఫలితమది, సంతోషమే. అయితే అవి వ్యక్తుల పేరిట ఇచ్చిన సాగు పట్టాలు. అడవి లెక్క ఇంకా జంగ్లాత్ బీరువాలోనే ఉంది.