చిన్న డీజిల్ కార్లు: ప్రకటించిన మైలేజీ, రోడ్డు మీది లెక్క

భారతీయ మధ్యతరగతి కుటుంబాలకు, టాక్సీ నడుపుకొని జీవించేవారికి చిన్న డీజిల్ కారు దాదాపు రెండు దశాబ్దాల పాటు ఇంధన పొదుపుకు మారుపేరుగా నిలిచింది. 1998 డిసెంబరు చివరలో టాటా ఇండికా రాకతో ఊపందుకున్న ఈ అధ్యాయం, 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో చాలావరకు ముగిసింది. అయినా ఆ కాలపు కార్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి, చేతులు మారుతూనే ఉన్నాయి. తయారీదారు చెప్పిన మైలేజీ రోడ్డు మీద ఎందుకు రాదు, పికప్ కావాలంటే పొదుపును ఎంత వదులుకోవాలి అన్న ప్రశ్నలూ అలాగే మిగిలి ఉన్నాయి.

డీజిల్ ఎక్కువ దూరం నడిపించడానికి కారణం ఇంధనంలో కొంత, ఇంజిన్‌లో కొంత ఉంది. డీజిల్ పెట్రోలు కన్నా సాంద్రమైనది. అందువల్ల లీటరుకు లీటరు పోల్చితే అందులో ఇంచుమించు పది శాతానికి పైగా అధిక శక్తి ఉంటుంది. ఇక ఇంజిన్ విషయానికి వస్తే, పెట్రోలు ఇంజిన్ గాలి, ఇంధనాల మిశ్రమాన్ని సుమారు పది పదకొండు రెట్లు కుదించి నిప్పురవ్వతో మండిస్తుంది. డీజిల్ ఇంజిన్ కేవలం గాలిని పదహారు పదిహేడు రెట్లు కుదించి, ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్ముతుంది. కుదింపు పెరిగిన కొద్దీ వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. పైగా పెట్రోలు ఇంజిన్‌లో లోనికి వచ్చే గాలిని అడ్డుకుంటూ వేగాన్ని నియంత్రిస్తారు. డీజిల్‌లో ఇంధనం మోతాదును మార్చి అదే పని చేస్తారు. రద్దీలో తక్కువ భారంతో నడిచేటప్పుడు డీజిల్‌కు ఉన్న ఆధిక్యానికి ఇదే మూలం.

తొలినాటి ఇండికాలోని 1.4 లీటర్ల ఇంజిన్‌కు టర్బో లేదు. దాని శక్తి సుమారు 53 అశ్వశక్తి. శబ్దం ఎక్కువ, పరుగు తక్కువ. అయినా తక్కువ ఇంధనంతో ఐదుగురిని మోసేది కనుక టాక్సీ యజమానులు దాన్ని అక్కున చేర్చుకున్నారు. సంఖ్యలు పట్టించుకునే కొనుగోలుదారు డీజిల్ వైపు తిరిగింది మాత్రం కామన్ రైల్ పద్ధతి వచ్చిన తరువాతనే. ఇంధనాన్ని అత్యధిక పీడనంతో ఒక ఉమ్మడి గొట్టంలో నిల్వ ఉంచి, కంప్యూటర్ ఆదేశం మేరకు విడతలు విడతలుగా చిమ్మే ఏర్పాటు ఇది. మనదేశంలో 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సి.ఆర్.డి.ఐ. దీన్ని సామాన్య కొనుగోలుదారు దాకా తెచ్చింది.

ఆ తరువాతి కథ దాదాపుగా ఒకే ఇంజిన్ చుట్టూ తిరిగింది. ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించి 2003లో పోలాండ్‌లో ఉత్పత్తి ప్రారంభించిన 1,248 సీసీ మల్టీజెట్ అది. ఒక్కొక్క దహన చక్రంలో ఐదు విడతల వరకు ఇంధనాన్ని చిమ్మగలగడం దాని ప్రత్యేకత. 2007 ఆరంభంలో అది మారుతి స్విఫ్ట్‌లోకి వచ్చింది. ఆ తరువాత డిజైర్, రిట్జ్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, షెవర్లే సెయిల్ కార్లలోనూ అదే ఇంజిన్ కనిపించింది. పోటీ సంస్థలన్నీ ఒకే గుండెను పంచుకున్న ఈ స్థితిని చూసి మోటారు పాత్రికేయులు దానికి ‘భారత జాతీయ ఇంజిన్’ అని పేరు పెట్టారు. పేరులో చమత్కారం ఉన్నా అతిశయోక్తి తక్కువే.

సామర్థ్యం అంటే ఏమిటో కూడా ఈ ఇంజిన్‌తోనే తేటపడుతుంది. నాటి స్విఫ్ట్ పెట్రోలు ఇంజిన్ 87 అశ్వశక్తి, 113 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. డీజిల్ ఇంజిన్ శక్తి 75 మాత్రమే, కానీ టార్క్ 190. శక్తి గరిష్ఠ వేగాన్ని నిర్ణయిస్తే, చక్రాన్ని తిప్పే బలమైన టార్క్ నిండు బరువుతో ఎత్తు ఎక్కడాన్ని, గేరు మార్చకుండా లారీని దాటడాన్ని సులభం చేస్తుంది. తిరుమల, అరకు ఘాట్ రోడ్లలో నిండు కారును తీసుకువెళ్లిన డ్రైవర్లు డీజిల్‌ను ఎందుకు మెచ్చుకుంటారో దీన్నిబట్టి ఊహించవచ్చు. అయితే ఆ బలం సుమారు 2,000 చుట్ల వద్ద గానీ పూర్తిగా అందదు. అంతకు దిగువన టర్బో ఇంకా ఊపు అందుకోదు, బండి బద్ధకిస్తుంది. ఊరి రద్దీలో ఆ బద్ధకాన్ని తప్పించుకోవడానికి చాలామంది తక్కువ గేరులోనే లాగిస్తారు. మైలేజీ జారిపోయే మొదటి చోటు అదే.

ఇక ప్రకటనల్లో కనిపించే అంకె సంగతి. ‘కిత్‌నా దేతీ హై’, అంటే ‘ఎంత ఇస్తుంది’ అన్న ప్రశ్నతో మారుతి ప్రకటనలు నడిపిందంటేనే ఆ అంకెకు ఈ దేశంలో ఉన్న విలువ తెలుస్తుంది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి అధీకృత సంస్థలు దాన్ని ధ్రువీకరిస్తాయి. ఈ పరీక్షలో కారు రోడ్డు ఎక్కదు. ప్రయోగశాలలో రోలర్ల మీద నిలిపి, భారతీయ పరిస్థితులకు సవరించిన డ్రైవింగ్ చక్రం ప్రకారం 1,180 సెకన్లు, అంటే 20 నిమిషాలకు కాస్త తక్కువగా నడుపుతారు. తొలి భాగం నగర ప్రయాణానికి నమూనా. రెండో భాగంలో వేగం గంటకు 90 కిలోమీటర్లకు మించదు. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ వేయరు. ట్యాంకులో ఎంత తగ్గిందో కొలవరు కూడా. పొగగొట్టం నుంచి వెలువడిన వాయువుల్లోని కార్బన్‌ను బట్టి ఖర్చయిన ఇంధనాన్ని లెక్కకడతారు.

ఈ పద్ధతిలో మోసం ఏమీ లేదు. అన్ని కార్లనూ ఒకే త్రాసులో తూచడానికి అది అవసరం. కానీ మే నెలలో విజయవాడలో ఏసీ వేసుకుని, నలుగురితో, సామానుతో వెళ్లే కారుకు ఆ గదిలోని కారుతో పోలిక లేదు. జాతీయ రహదారిపై వేగాన్ని 80 నుంచి 100కు పెంచితే చాలు, గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. గాలి తగ్గిన టైర్లు, మాటిమాటికీ బ్రేకు, చల్లటి ఇంజిన్‌తో రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలు తలా కొంత తినేస్తాయి. ఇది మనదేశానికే పరిమితమైన సమస్యా కాదు. ఐరోపాలో అధికారిక అంకెకు, వాస్తవ వినియోగానికి మధ్య 2001లో సుమారు 9 శాతంగా ఉన్న తేడా 2015 నాటికి 40 శాతం దాటిందని స్వచ్ఛ రవాణాపై పనిచేసే అంతర్జాతీయ మండలి ఐసీసీటీ తేల్చింది. అక్కడ 2017 నుంచి మరింత కఠినమైన పరీక్ష విధానం రావడానికి ఈ తేడా కూడా ఒక కారణం.

స్విఫ్ట్ డీజిల్ ప్రకటిత మైలేజీ ఈ సందర్భంలో ఆసక్తికరం. 2011 మోడల్‌కు లీటరుకు 22.9 కిలోమీటర్లు, 2014లో 25.2, 2018లో 28.4. ఇంజిన్ అదే, శక్తి అదే 75. తేలికైన కొత్త చట్రం, మార్చిన సర్దుబాట్లు ఆ పెరుగుదలను సాధించాయి. బరువు తగ్గితే పొదుపూ పెరుగుతుంది, పికప్పూ పెరుగుతుంది. రెండింటినీ ఒకేసారి మెరుగుపరిచే మార్గాలు అరుదు, వాటిలో ఇది ఒకటి. అయితే పరీక్షకు అనువుగా చేసిన సర్దుబాట్లు పరీక్షలో ఇచ్చినంత ఫలితాన్ని రోడ్డు మీద ఇవ్వవు. కాబట్టి అంకె పెరిగినంతగా వాస్తవ మైలేజీ పెరుగుతుందని ఆశించరాదు.

ఇంజిన్ చిన్నదైతే పొదుపు దానంతటదే వస్తుందన్న నమ్మకం కూడా అంతే బలమైనది, అంతే అసంపూర్ణమైనది. 2011లో 936 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌తో షెవర్లే బీట్ డీజిల్ వచ్చింది. 2015లో మారుతి ఇంకా ముందుకు వెళ్లి 793 సీసీ, రెండే సిలిండర్లు, 47 అశ్వశక్తితో సెలేరియో డీజిల్‌ను తెచ్చింది. ప్రకటిత మైలేజీ 27.62. అదిరే ఇంజిన్‌ను, నీరసమైన పరుగును జనం మెచ్చలేదు. 2017లో దాన్ని ఉపసంహరించారు. అదే 2015లో ఫోర్డ్ ఫిగో 1.5 లీటర్ల, 100 అశ్వశక్తి ఇంజిన్‌తో వచ్చి 25.83 ప్రకటించింది. అంతకు ముందున్న ఫిగో 1.4 లీటర్ల ఇంజిన్ 69 అశ్వశక్తే ఇస్తూ 20 దగ్గర ఆగింది. టార్క్ పుష్కలంగా ఉన్న ఇంజిన్ పై గేరులో నిదానంగా తిరుగుతూ బండిని లాగగలదు. బలం చాలని ఇంజిన్‌ను డ్రైవరు ఎప్పుడూ అంచుల దాకా తొక్కుతూనే ఉంటాడు.

పొదుపు, సామర్థ్యాల తూకంలో మూడో పళ్లెం ఒకటుంది. కొనుగోలుదారు చూడని ఆ పళ్లెం గాలి నాణ్యత. వేడిగా, మిగులు గాలితో మండే డీజిల్ ఇంధనాన్ని ఆదా చేస్తుంది, కానీ నత్రజని ఆక్సైడ్లను ఎక్కువగా పుట్టిస్తుంది. దహనాన్ని చల్లబరిచి వాటిని తగ్గించబోతే మసి పెరుగుతుంది, మైలేజీ కొంత పోతుంది. ఫోక్స్‌వాగన్ ఈ చిక్కుముడిని విప్పకుండా, పరీక్షను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో దాటవేసిందని 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడింది. ఆ ఏడాది డిసెంబరులో మనదేశంలోనూ ఆ సంస్థ సుమారు 3.23 లక్షల కార్లను సరిచేసేందుకు వెనక్కి పిలిపించింది. భారత్ స్టేజ్-6తో డీజిల్ కార్ల నత్రజని ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, సూక్ష్మకణాల పరిమితి 25 నుంచి 4.5కు దిగింది. 2023 ఏప్రిల్ నుంచి ఉద్గారాలను రోడ్డు మీద కూడా కొలవడం తప్పనిసరైంది. ఇందుకు కావలసిన వడపోత పరికరాల ఖర్చు పెద్ద కారు ధరలో ఇమిడిపోతుంది, చిన్న కారు ధరలో ఇమడదు. మారుతి 2020లో డీజిల్ నుంచి వైదొలగింది. హ్యుందాయ్ ఐ20 డీజిల్ 2023లో నిలిచిపోయింది. టాటా ఆల్ట్రోజ్ మాత్రం 2025 మేలో వచ్చిన కొత్త రూపంలోనూ 90 అశ్వశక్తి డీజిల్ ఇంజిన్‌ను నిలుపుకొంది.

ధరల చరిత్రను వదిలి ఈ వైభవాన్ని అర్థం చేసుకోలేము. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ తొలగించి, డీజిల్‌పై కొనసాగించడంతో 2012 నాటికి ఢిల్లీలో రెండింటి మధ్య తేడా లీటరుకు 30 రూపాయలు దాటింది. కొత్త కార్ల అమ్మకాల్లో డీజిల్ వాటా సగాన్ని మించిన కాలం అదే. 2014 అక్టోబరులో డీజిల్ నియంత్రణా పోయింది. 2020 జూన్‌లో ఢిల్లీలో కొంతకాలం డీజిలే పెట్రోలు కన్నా ఖరీదైంది.

ఇప్పటి పరిస్థితికి ఒక ఉదాహరణ లెక్క చూడవచ్చు. పెట్రోలు లీటరు 107, డీజిల్ 95 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు రోడ్డు మీద 15, డీజిల్ కారు 20 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకు అయ్యే ఖర్చు వరుసగా 7.13, 4.75 రూపాయలు. మిగిలేది 2.38. డీజిల్ కారుకు అదనంగా పెట్టింది 1.2 లక్షలైతే, అది తిరిగి రావడానికి సుమారు 50 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి నాలుగున్నరేళ్లు, 200 తిరిగే టాక్సీకి 250 రోజులు. సర్వీసింగ్ ఖర్చును, వడ్డీని కలిపితే ఉద్యోగి గడువు ఇంకా సాగుతుంది. ఒకే కారు ఒకరికి లాభం, మరొకరికి భారం అయ్యేది ఇందుకే.

కొత్త డీజిల్ కార్లలో మరో నియమం చేరింది. మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రపరచుకోవడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. రహదారిపై నిలకడగా కొంతసేపు నడిస్తేనే ఆ వేడి సులభంగా పుడుతుంది. పాఠశాలకు, కూరగాయల బజారుకు మాత్రమే తిరిగే కారులో ఈ ప్రక్రియ మధ్యలో ఆగిపోతూ, అందుకు చిమ్మిన అదనపు ఇంధనం వృథా అవుతుంది. కొంత ఇంజిన్ ఆయిల్‌లోనూ కలుస్తుంది. ఫిల్టర్ దీపం వెలిగాక నిర్లక్ష్యం చేస్తే మరమ్మతు వేలల్లో ఆగకపోవచ్చు.

పాత డీజిల్ కారు కొనేవారికి డాష్‌బోర్డు మీది అంకె కన్నా ట్యాంకు లెక్క నమ్మదగినది. ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి మీటరు రాసుకోవాలి. కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు రోజువారీ పద్ధతిలోనే తిరిగి, మళ్లీ అక్కడే, పంపు తనంతట తాను ఆగే వరకు నింపాలి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీస్తే ఒకసారి లెక్కలో దొర్లే తేడాలు సర్దుకుంటాయి. అందులో ఏసీ వేసిన రోజులు, వేయని రోజులు విడిగా రాసుకుంటే వేసవి ఖర్చు ముందే అంచనాకు వస్తుంది.