గింజ మొలుస్తుంది, పప్పు మొలవదు

సోలాపూర్‌లో మట్కీకి మోడ్ తెప్పించడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. మరాఠీ ఇళ్ళలో దానితో ఉసల్ చేస్తారు, మిసల్ చేస్తారు. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మన పద్మశాలి ఇళ్ళలోనూ అదే మట్కీ, కాకపోతే తాలింపు మనది. మా నానమ్మ శనగలు, బొబ్బర్లు ఉడకబెడితే "గుడాలు" అంటుంది. మొలకలు వచ్చిన మట్కీని మాత్రం మోడ్ మట్కీ అనే అంటుంది. వంటతో పాటు మాట కూడా పక్కింటి నుంచి వచ్చిందన్నమాట.

చరిత్ర వ్యాసానికి ఇదేం విషయం అని మీరు అనుకోవచ్చు. మన పాఠాల్లో మొదటి ప్రపంచ యుద్ధం గురించి ఉంటుంది, అందులో భారతీయ సైనికులు పోరాడారని కూడా ఉంటుంది. వాళ్ళు ఏం తిన్నారన్నది ఉండదు. ఆ యుద్ధానికీ మన వంటింట్లో తడిగుడ్డ మూటకీ ఒక సంబంధం ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు స్కర్వీ అనే జబ్బు గురించి చెప్పాలి. ఇది సి విటమిన్ అందక వచ్చే జబ్బు. తాజా కూరలు, పండ్లు కొన్ని నెలలు బొత్తిగా దొరక్కపోతే మొదలవుతుంది. చిగుళ్ళు వాచి నెత్తురు కారుతుంది, పళ్ళు కదులుతాయి, ఒంటి మీద మచ్చలు వస్తాయి, ఎప్పుడో మానిన గాయాలు కూడా మళ్ళీ తెరుచుకుంటాయి. పట్టించుకోకపోతే మనిషి చచ్చిపోతాడు. పాతకాలంలో ఓడల మీద పనిచేసేవాళ్ళకు ఇది ఎక్కువగా వచ్చేది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జత అందరికన్నా త్వరగా కోలుకుంది. అయినా బ్రిటిష్ నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా ఆగింది.

ఆ మధ్యలోనే మొలకల మాట ఒకసారి వచ్చి పోయింది. డేవిడ్ మెక్‌బ్రైడ్ అనే డాక్టరు స్కర్వీకి మాల్ట్ మంచి మందని 1764లో పుస్తకం రాశాడు. మాల్ట్ అంటే బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, వేడి చేసి చేసేది. మన రాగి మాల్ట్ లాంటిదే. కెప్టెన్ జేమ్స్ కుక్ 1768లో బయలుదేరినప్పుడు ఓడలో మాల్ట్ తీసుకెళ్ళాడు, దాన్ని నీళ్ళలో కాచి నావికులకు తాగించాడు, తిరిగొచ్చాక బాగా మెచ్చుకున్నాడు. అసలైతే కుక్ ఏ తీరం దగ్గర ఆగినా తాజా ఆకుకూరలు కోయించి వండించేవాడు. పని చేసింది ఆ ఆకులు, పేరు వచ్చింది మాల్ట్‌కి. గింజ మొలిచినప్పుడు పుట్టిన సి విటమిన్ ఎండబెట్టి వేడి చేసేసరికి చాలావరకు పోతుంది. సరైన దారిలో సగం నడిచి ఆగిపోయారని నాకనిపిస్తుంది. మొలకను పచ్చిగా ఇచ్చి ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేదేమో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1915 డిసెంబరులో, ఇప్పటి ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న కుట్ అనే ఊళ్ళో బ్రిటిష్ ఇండియా సైన్యం చిక్కుకుపోయింది. చుట్టూ తుర్కీ సైన్యం. జనరల్ టౌన్‌షెండ్ 1916 ఏప్రిల్ 29న లొంగిపోయేదాకా, అంటే దాదాపు ఐదు నెలలు, లోపలివాళ్ళకు బయటి నుంచి సరుకు రాలేదు. చివర్లో విమానాల నుంచి పిండి బస్తాలు జారవిడిచారు గానీ అవి ఏ మూలకూ సరిపోలేదు. లొంగిపోయినవాళ్ళు సుమారు 13,000 మంది, వాళ్ళలో ఎక్కువ మంది భారతీయులే. పంజాబీలు, రాజపుత్రులు ఉన్నారు. 103వ, 110వ, 117వ మరాఠా పటాలాలు కూడా ఉన్నాయి. అంటే మన మహారాష్ట్ర పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళు.

కుట్‌లో జరిగిన ఒక విషయాన్ని డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారట. ఒకే ఊళ్ళో, ఒకే ముట్టడిలో, రెండు రకాల సైనికులకు రెండు రకాల జబ్బులు వచ్చాయి. బ్రిటిష్ సైనికులు తెల్లటి మైదా రొట్టె తిన్నారు, గుర్రపు మాంసం తిన్నారు. వాళ్ళకు బి విటమిన్ అందక బెరిబెరి వచ్చింది, స్కర్వీ రాలేదు. ఎందుకంటే తాజా మాంసంలో కాస్త సి విటమిన్ ఉంటుంది. భారతీయ సైనికులు పొట్టుతో విసిరిన పిండి, పప్పు తిన్నారు. గుర్రపు మాంసం తినడం చాలామందికి తమ ఆచారానికి విరుద్ధం. మత పెద్దల నుంచి అనుమతి తెప్పించినా చివరి వారాల దాకా ముట్టుకోలేదు. వాళ్ళకు బెరిబెరి రాలేదు, స్కర్వీ వచ్చింది. తర్వాత మైదా అయిపోయి బ్రిటిష్ సైనికులు కూడా బార్లీ పిండి తినాల్సి వచ్చింది. అప్పుడు వాళ్ళలో బెరిబెరి తగ్గిపోయింది! సరుకు నిండుకోవడమే మందైంది. ఈ సంగతులన్నీ రాసిపెట్టింది అక్కడి పెద్ద డాక్టరు కర్నల్ హెహిర్.

నేను ఎక్కువగా ఆలోచించింది బార్లీ గురించి. కుట్‌లో బార్లీ గింజలుగానే ఉంది. దాన్ని విసరడానికి తిరగలి రాళ్ళు చాలక, వాటిని కూడా విమానాల నుంచి జారవిడిచారు. పక్కనే నది, నీళ్ళకు కొదవ లేదు. గింజ ఉంది, నీళ్ళున్నాయి, గుడ్డ ఉంది. ఆ గింజల్లో కొన్నింటిని విసరకుండా నానబెట్టి ఉంటే? ఆకలి తీరేదని నేను అనడం లేదు, ఆకలి ఆకలే. కానీ చిగుళ్ళలోంచి నెత్తురు కారడం కొంతమందికైనా తగ్గేది కదా.

మట్కీ ఉసల్ ఈ నేలకు పాత వంటే. అలాంటి ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకు మోడ్ కొత్త కాదు. అయితే ఇంట్లో గింజలు మూటకట్టేది అమ్మలు, నానమ్మలు. సైన్యంలో రేషన్ పట్టీ రాసేది దొరలు. పట్టీలో పిండి, పప్పు, నెయ్యి, బెల్లం, ఉప్పు అని ఉంటుంది, నానబెట్టిన గింజలు అని ఉండదు. నానబెడితే ఏం వస్తుందో రాసేవాళ్ళకు తెలియదు, తినేవాళ్ళను ఎవరూ అడగలేదు. మొలకల్లో మందు ఉందని ఆ అమ్మలకూ తెలియదులెండి, రుచి కోసం, తొందరగా ఉడకడం కోసం చేసేవాళ్ళు.

బస్రాలో ఈ యుద్ధంలో చనిపోయి, సమాధి ఏదో తెలియని 40,000 మందికి పైగా సైనికుల కోసం ఒక స్మారకం కట్టారు. బ్రిటిష్ సైనికుల పేర్లన్నీ చెక్కారు. భారతీయుల్లో ఆఫీసర్లకే పేర్లు. మామూలు సిపాయిలకు పటాలం పేరు, ఎంతమంది అనే అంకె, అంతే. ఇది చదివాక నాకు చాలా కోపం వచ్చింది.

ఆ రోజుల్లోనే లండన్‌లో లిస్టర్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనశాలలో హ్యారియట్ చిక్ అనే శాస్త్రవేత్త సైనికుల తిండి మీద పని చేస్తోంది. యుద్ధకాలంలో అక్కడ ఈ పని చేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. గినీ పందులకు కూడా మనుషుల్లాగే స్కర్వీ వస్తుందని 1907లో నార్వేలో కనిపెట్టారు. అందుకని వాటికి రకరకాల తిండి పెట్టి, ఏది జబ్బును ఆపుతుందో చూసేవాళ్ళు. సైన్యం ఇస్తున్న చిన్న నిమ్మకాయ రసంకన్నా పెద్ద పసుపు నిమ్మకాయ రసానికి దాదాపు నాలుగు రెట్ల బలం ఉందని చిక్ బృందం తేల్చింది. (ఇంగ్లీషులో ఆ రెంటికీ వేరు వేరు పేర్లు, మనకు రెండూ నిమ్మే.) తర్వాత చిక్, ఎలెన్ మేరియన్ డెల్ఫ్ అనే వృక్షశాస్త్రవేత్త కలిసి ఎండు గింజలను, మొలకెత్తిన గింజలను పోల్చి 1919లో ఫలితాలు అచ్చు వేశారు. ఎండు గింజలో స్కర్వీని ఆపే గుణం దాదాపు లేదు, నానబెట్టి రెండు మూడు రోజులు మొలవనిస్తే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇది గినీ పందులతోనే ఆగలేదు. సలోనికా వైపు యుద్ధరంగంలో స్కర్వీ వచ్చిన సెర్బియా సైనికులు కొందరికి విల్ట్‌షైర్ అనే డాక్టరు నిమ్మరసం, కొందరికి మొలకెత్తిన చిక్కుడు గింజలు ఇచ్చి చూశాడు. గింజలు తిన్నవాళ్ళు నిమ్మరసం తాగినవాళ్ళకేమీ తీసిపోలేదు. ఆయన వ్యాసం 1918లో వచ్చింది. కుట్ పడిపోయిన రెండేళ్ళకు.

చిక్ బృందం సైన్యానికి చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. పొట్టు తీయని, ముక్కలు చేయని గింజలనే పంపండి, విరిచిన పప్పు పనికిరాదు అన్నారు. ఎందుకో నేను ఇంట్లో చేసి చూశాను. ఒక గిన్నెలో పెసలు, ఇంకో గిన్నెలో పెసరపప్పు పోసి ఒకేసారి నానబెట్టాను. మర్నాటికి పెసలకు తెల్లటి మొలక వచ్చింది. పప్పు ఉబ్బి, నురగ కట్టి, పులిసిన వాసన వచ్చింది. "పప్పు మొలుస్తదా బిడ్డా, దాన్ని పగలగొట్టిన్రు గద" అని నానమ్మ నవ్వింది. మొలక పుట్టే చోటు రెండు బద్దల మధ్య చిన్న చుక్కలా ఉంటుంది. గింజను విరిచి పప్పు చేసేటప్పుడు అది ఊడిపోతుంది, లేదా దెబ్బతింటుంది. సైన్యం బస్తాల్లో పప్పుకు బదులు నిండు గింజ పోసి ఉంటే ప్రతి వంటవాడి దగ్గరా మందు ఉన్నట్టే.

ఆ మందు పేరు మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. హంగేరీకి చెందిన సెంట్ గ్యోర్గీ 1928లో ఒక పదార్థాన్ని వేరు చేశాడు, అదే సి విటమిన్ అని 1932లో తేలింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఇలాంటి పరిశోధన 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక్క గదిలో మెక్‌కారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. అదే సంస్థ 1958లో హైదరాబాదుకు మారి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వైపు మన చుట్టాలున్నవాళ్ళు ఆ గేటు చూసే ఉంటారు.

ఇంట్లో చేసుకునేవాళ్ళ కోసం మా పద్ధతి రాస్తున్నాను. ఒక గ్లాసు మట్కీ గానీ పెసలు గానీ ఏరి, కడిగి, మూడు గ్లాసుల నీళ్ళలో రాత్రి నానబెట్టాలి. పొద్దున్నే నీళ్ళు పూర్తిగా ఒంపేయాలి, నీళ్ళు నిలిస్తే కుళ్ళుతాయి. నానకుండా రాయిలా మిగిలిన గింజలు తీసేయాలి, లేకపోతే పంటి కింద పడతాయి. పల్చటి నూలుగుడ్డలో వదులుగా మూటకట్టి చిల్లుల గిన్నెలో పెట్టాలి, గింజకు గాలి కావాలి. పూటకోసారి మూట తడిపి పిండాలి. సోలాపూర్ ఎండాకాలంలో రాత్రికే మొలకలు వచ్చేస్తాయి, అప్పుడు ఇంకా ఉంచితే పులుస్తాయి. చలికాలంలో రెండు రోజులు పడుతుంది. జిగురు గానీ వాసన గానీ వస్తే పారేయడమే. వండేటప్పుడు తాలింపు, ఉల్లిపాయ, కారం అన్నీ మగ్గిన తర్వాత మొలకలు వేసి, మూతపెట్టి మెత్తబడేదాకా ఉడికిస్తే చాలు. కుక్కర్లో నాలుగు విజిల్స్ పెడితే సి విటమిన్ చాలావరకు పోతుంది. పైన నిమ్మకాయ పిండుకుంటే, అది చిన్న నిమ్మ అయినా సరే, పోయింది కొంత తిరిగి వస్తుంది.